మిగతా ఆడవాళ్లు ఏమయ్యారు?

బిచ్కుంద నుంచి మాట్లాడుతున్నాను.

ఈరోజు సినిమాల గురించి మాట్లాడుకుందాం. అన్ని సినిమాలూ కాదు. ఆడపిల్ల వీరనారిగా నిలబడే సినిమాలు. మామూలు మనిషికి లేని బలం ఒక అమ్మాయికి ఉండే సినిమాలు. మన పిల్లలు వాటిని టీవీలో చూస్తున్నారు, ఫోనులో చూస్తున్నారు. నేను క్రైస్తవ విశ్వాసంతో బతికే మనిషిని. ఆ విశ్వాసంతో ఈ సినిమాలను ఎలా చూడాలని చాలాకాలంగా ఆలోచిస్తున్నాను. మీరు ఏ మతం వారైనా సరే, ఇందులో మీ ఇంటికి పనికొచ్చే సంగతి ఒకటుంది. అది ఒక ప్రశ్న. సినిమా అయిపోగానే ఇంట్లో అడగాల్సిన ప్రశ్న. అది ఇదే. ఆ కథలో మిగతా ఆడవాళ్లు ఏమయ్యారు?

మళ్లీ చెప్తున్నాను. నాయిక ఏం చేసిందని కాదు. మిగతా ఆడవాళ్లు ఏమయ్యారు?

ఎందుకీ ప్రశ్న? మంజీర మన పక్కనుంచే పారుతుంది. దాని మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలైంది, 1931లో పూర్తయింది. గేట్లు ఎత్తారని తెలిస్తే జనం పిల్లాపాపలతో చూడటానికి పోతారు. ఆ హోరు చూసి మురిసిపోతారు. కానీ కాలువ చివర పొలం ఉన్న రైతుకు ఆ హోరుతో పని లేదు. తన మడికి నీళ్లు పారాయా లేదా, అదే అతని ప్రశ్న. తెర మీద వీరనారి బలాన్ని కూడా అలాగే కొలవాలి. ఆ బలం కథలోని చివరి ఆడమనిషి దాకా పారిందా?

ఇక్కడ కొందరు పెద్దలకు ఒక అభ్యంతరం ఉంటుంది. విశ్వాసులు సినిమాలు చూడటమే తప్పు కదమ్మా, మళ్లీ రేడియోలో వాటి మీద ప్రసంగమా అంటారు. వాళ్ల భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. సినిమా మనసును పట్టుకుంటుంది. పట్టుకుని ఎటైనా లాక్కుపోగలదు. కానీ 1978లో ఏసు కథతో వచ్చిన కరుణామయుడు సినిమాను తెల్లతెర కట్టి ఊరూరా చూపించింది మనవాళ్లే. తెరకు అంత బలం ఉందని మనకు తెలుసు. అందుకే పిల్లల్ని ఆ తెర ముందు ఒంటరిగా వదలకూడదు. పక్కన కూర్చోవాలి. కూర్చుని అడగాలి.

మన తెలుగువాళ్లకు వీరనారి కొత్త కాదు. 1990లో కర్తవ్యం వచ్చింది. విజయశాంతి పోలీసు అధికారి వేషం కట్టారు. ఆ నటనకు ఆమెకు జాతీయ అవార్డు వచ్చింది. 1997లో ఆమే నాయికగా ఒసేయ్ రాములమ్మ వచ్చింది. దొరతనం కింద నలిగిన పిల్ల తిరగబడే కథ. మన తెలంగాణ ఊళ్లలో ఆ సినిమాను జనం తమ సొంత కథలాగా చూశారు. 2009లో మన పక్కనే మెదక్ నుంచి విజయశాంతి ఎంపీగా గెలిచారు. అదే ఏడు జనవరిలో అరుంధతి వచ్చింది. అందులో గద్వాల జేజమ్మ తన ప్రాణం ఇచ్చి, తన ఎముకలనే ఆయుధంగా వదిలిపోతుంది. తన వాళ్ల కోసం ప్రాణం పెట్టడమనే మాట క్రైస్తవుడి చెవికి ఎంత దగ్గరగా వినిపిస్తుందో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు బయటి దేశాల సంగతి చూద్దాం. 2017లో వండర్ ఉమన్ వచ్చింది. తీసినావిడ పేరు ప్యాటీ జెంకిన్స్. నాయిక పేరు డయానా. మొదటి ప్రపంచ యుద్ధం నాటి కథ. అందులో చివర ఒక దృశ్యం ఉంది. డయానా ఒక యుద్ధ ట్యాంకును రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంటుంది. కింద ఒక స్త్రీ పడి ఉంటుంది. ఆమె డాక్టర్ మారూ. విషవాయువులు తయారుచేసి ఎందరి చావుకో కారణమైన మనిషి. యుద్ధదేవుడు పక్కన నిలబడి, చంపెయ్, వీళ్లు నీ దయకు తగినవాళ్లు కారు అని రెచ్చగొడతాడు. డయానా ఆ ట్యాంకును పక్కకు పడేస్తుంది. ఆమెను చావనివ్వదు.

దాన్ని చూసి కొందరు క్రైస్తవ రచయితలు ఒక మాట రాశారు. ఇది కృప అని. తగినవాళ్లకు ఇచ్చేది జీతం, తగనివాళ్లకు ఇచ్చేది కృప. ఆ మాటతో నేను ఏకీభవిస్తాను. బలం ఉండి కూడా చంపకుండా ఆగడం అందరికీ చేతకాదు.

కానీ మన ప్రశ్న అడగండి. మిగతా ఆడవాళ్లు ఏమయ్యారు? సినిమా మొదట్లో ఒక ద్వీపం నిండా స్త్రీలే. గుర్రాలెక్కుతారు, విల్లు పడతారు, సభలో కూర్చుని నిర్ణయాలు చేస్తారు. డయానా ఆ ద్వీపం దాటిందా, ఇక అయిపోయింది. ఒక సెక్రటరీ తప్ప ఆమె పక్కన ఉన్నవాళ్లంతా మగవాళ్లే. ఆ ద్వీపాన్ని కథ మరిచిపోతుంది. ఇక్కడ నాకు వెలితి అనిపిస్తుంది. ఒక్క ఆడది బలవంతురాలైతే చాలు, అందరూ చప్పట్లు కొట్టండి అన్నట్టు ఉంటుంది.

2019 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడే, కెప్టెన్ మార్వెల్ విడుదలైంది. ఆ సినిమా ఈ ప్రశ్నకు కొంత మెరుగ్గా నిలబడుతుంది. నాయిక తానెవరో మరిచిపోతే, ఆమెకు గుర్తుచేసేది మరో స్త్రీ, ఆమె పాత స్నేహితురాలు. ఇక ఆమె తన బలాన్ని చివరికి ఎవరి కోసం వాడుతుంది? ఇల్లూ వాకిలీ లేకుండా దాక్కుని బతుకుతున్న పరాయివాళ్ల కోసం. మొదట్లో వాళ్లే శత్రువులని ఆమెకు నూరిపోశారు. పరదేశికి నీడ ఇవ్వమని బైబిల్లో ఎన్నిసార్లు ఉందో సండే స్కూల్ పిల్లల్ని అడిగినా చెప్తారు.

ఇక మనకు దగ్గరి సినిమా. 2025లో మలయాళంలో లోకా అని వచ్చింది. తెలుగులో కొత్త లోక పేరుతో వచ్చింది. కల్యాణి ప్రియదర్శన్ నటించారు. దీని వెనక కేరళలో తరతరాలుగా చెప్పుకునే ఒక జానపద కథ ఉంది. కల్లియంకాట్టు నీలి అనే యక్షి కథ. మనుషుల్ని భయపెట్టే ఆ యక్షిని కడమట్టం అనే ఊరి చర్చి పాదిరి కట్టడి చేశాడని ఆ కథ. పాదిరి, క్రైస్తవుడు. ఆయన్ని అక్కడ కడమట్టత్తు కత్తనార్ అంటారు.

శ్రోతలారా, ఇక్కడ కాస్త ఆగుదాం. పాత కథలో పాదిరి పని ఏమిటి? బలమున్న ఆడదాన్ని కట్టిపడేయడం. కొత్త సినిమాలో అదే పాదిరి ఆమెకు శత్రువు కాదు. ఆమెను మంచి వైపు నడిపించిన తోడు. ఆమె బలం పోలేదు. దారి మారింది, అంతే. ఆ తర్వాత బెంగళూరులో మనుషుల్ని ఎత్తుకుపోయి అవయవాలు అమ్ముకునే ముఠాకు ఆమె అడ్డం పడుతుంది. నాకైతే ఈ సినిమాలో పోరాటాల కంటే ఈ మార్పే పెద్దది. గట్టిగా మాట్లాడే ఆడపిల్ల ఒకతి సంఘంలోకి వచ్చినప్పుడు మనం ఏ పాదిరిలాగా ఉంటున్నాం? కట్టేస్తున్నామా, తోడు నిలబడుతున్నామా?

అక్కలారా, అన్నలారా, ఇప్పుడు బైబిల్లోకి పోదాం. అక్కడ కూడా వీరనారులు ఉన్నారు. న్యాయాధిపతుల గ్రంథంలో దెబోరా కథ ఉంది. చాలామందికి తెలిసిందే. కానీ మన ప్రశ్న చేత పట్టుకుని మళ్లీ విందాం.

కనాను రాజు యాబీను ఇశ్రాయేలీయులను 20 ఏళ్లు అణిచివేశాడు. అతని సేనాపతి సీసెరా. వాళ్ల దగ్గర 900 ఇనుప రథాలు ఉన్నాయి. ఆ రోజుల్లో దెబోరా ఎఫ్రాయిము కొండల్లో ఒక చెట్టు కింద కూర్చుని జనానికి తీర్పు చెప్పేది. తగాదాలు తీసుకుని జనం ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. ఆమె బారాకు అనే యోధుణ్ణి పిలిపించి, పదివేల మందిని వెంటబెట్టుకుని పో అంటుంది. అతను, నువ్వు వస్తే పోతాను, రాకపోతే పోను అంటాడు. సరే వస్తానంటుంది. చివరికి ఆ సీసెరా ఎవరి చేతిలో చచ్చాడు? దెబోరా చేతిలో కాదు, బారాకు చేతిలో కాదు. గుడారంలో ఉండే యాయేలు అనే మామూలు ఇల్లాలి చేతిలో.

చూశారా, దెబోరా ఒక్కతే మొత్తం తెర ఆక్రమించదు. బారాకు ఉన్నాడు, యాయేలు ఉంది. గెలిచాక దెబోరా పాడిన పాటలో యాయేలుకు పెద్ద పొగడ్త ఉంటుంది.

ఆ పాట చివర ఇంకొక స్త్రీ ఉంది. ఆమె గురించి మన ప్రసంగాల్లో అరుదుగా వింటాం. ఆమె సీసెరా తల్లి. శత్రువు తల్లి. కిటికీ దగ్గర నిలబడి కొడుకు రథం ఇంకా రాలేదేమని ఎదురుచూస్తుంటుంది. దగ్గరున్న స్త్రీలు ఆమెకు ధైర్యం చెప్తారు. దోపుడు సొమ్ము పంచుకుంటున్నారేమో, ఒక్కో మగవాడికి ఒకరో ఇద్దరో ఆడపిల్లలు దొరికి ఉంటారు, అందుకే ఆలస్యం అంటారు. వినండి ఎంత భయంకరమైన మాటో. పరాయి ఆడపిల్లల్ని సొమ్ములాగా పంచుకోవడం ఆ ఇంటి ఆడవాళ్లకే మామూలైపోయింది. యుద్ధంలో మిగతా ఆడవాళ్లు ఏమవుతారో ఆ పాటకు తెలుసు. గెలిచిన సంబరంలో కూడా ఆ సంగతి దాచలేదు. ఈ రోజుల్లో వీరనారి సినిమాలు తీసేవాళ్లు ఈ ఒక్క పాట చదివినా మేలు అనిపిస్తుంది నాకు.

సీసెరాను చంపేటప్పుడు యాయేలు చేతిలో సుత్తి, మేకు ఉన్న మాట నిజమే. రక్తం ఉన్న కథే. శత్రువును ప్రేమించమని ఏసు చెప్పిన తర్వాత పుట్టినవాళ్లం మనం. కాబట్టి పిడికిలితో గెలవడమే బలమని పిల్లలకు నేర్పలేం. ఈ సినిమాలన్నిటితో నాకున్న పెద్ద పేచీ అదే. మగవాడు కొడితే హింస, ఆడది కొడితే సాధికారత అంటే నేను ఒప్పుకోను.

అలాగని ఇంకో తప్పు కూడా చేయకూడదు. మా సంఘాల్లో తరచు వింటుంటాం. స్త్రీకి అణకువ చాలు, బలం ఎందుకు, సేవ చేస్తే చాలు అని. ఏసు శిష్యుల కాళ్లు కడిగిన రాత్రిని గుర్తు చేసుకోండి. అన్నీ తన చేతికి అప్పగించబడ్డాయని తెలిసే ఆయన లేచి, తువ్వాలు కట్టుకుని, వంగాడని యోహాను రాశాడు. అధికారం ఉన్నవాడు వంగాడు. అది సేవ. ఇంట్లో నోరెత్తే హక్కు లేని కోడలు, సంపాదించిన కూలి చేతిలో ఉంచుకునే వీలు లేని ఆడమనిషి, ఆమె రోజంతా చేసేది సేవ కాదు. అది వెట్టి. వెట్టి అంటే ఏమిటో తెలంగాణలో పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. చేతిలో లేనిదాన్ని ఎవరూ ఇవ్వలేరు. ముందు ఆమె బలం ఆమె చేతిలో ఉండనివ్వండి. దాన్ని ఎవరి కోసం ఖర్చు పెట్టాలో ఆ తర్వాత మాట్లాడుకుందాం.

దీనికి బైబిల్లోనే ఒక చక్కటి ఉదాహరణ ఉంది. కత్తి లేదు, సుత్తి లేదు. సంఖ్యాకాండంలో సెలోపెహాదు అనే ఆయనకు ఐదుగురు ఆడపిల్లలు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. కొడుకులు లేరు. తండ్రి చనిపోయాడు. ఆ ఐదుగురు అక్కచెల్లెళ్లు జనమంతా చూస్తుండగా మోషే ముందు నిలబడ్డారు. కొడుకు లేడని మా నాయన పేరు ఎందుకు పోవాలి, మాకు భూమి ఇవ్వండి అన్నారు. మోషే ఆ మాట దేవుని దగ్గరికి తీసుకుపోయాడు. దేవుడు ఏమన్నాడు? ఆ పిల్లలు అడిగింది న్యాయమే అన్నాడు. అంతటితో ఆగలేదు. కొడుకులు లేని ప్రతి ఇంటికీ అదే చట్టం అన్నాడు.

మిగతా ఆడవాళ్లు ఏమయ్యారు అని అడిగితే, ఇక్కడ జవాబు ఉంది. ఐదుగురు అడిగారు, వెనక వచ్చిన కూతుళ్లకు కూడా దారి దొరికింది. నీళ్లు చివరి మడి దాకా పారాయి.

మన కాలంలో కూడా ఇలాంటిది జరిగింది. కేరళలో మేరీ రాయ్ అనే క్రైస్తవ మహిళ, తండ్రి ఆస్తిలో భాగం కోసం సుప్రీం కోర్టు దాకా పోయారు. అప్పటిదాకా తిరువాన్కూరు క్రైస్తవుల పాత చట్టం ప్రకారం కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు, లేదా 5,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. 1986లో కోర్టు ఆ చట్టం చెల్లదంది. 1925 నాటి భారత వారసత్వ చట్టమే వర్తిస్తుందంది. ఆ చట్టంలో, తండ్రి వీలునామా రాయకుండా పోతే, పిల్లల వాటాలో కొడుకూ కూతురూ సమానం. ఆవిడ గెలిచింది ఒక్కరి కోసం కాదు. అక్కడి క్రైస్తవ కూతుళ్లందరికీ.

హిందూ కుటుంబాల సంగతి తీసుకుంటే, మన దగ్గర ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో, అప్పటికి పెళ్లికాని కూతురికి కూడా కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది. దేశమంతటికీ అది 2005లో గాని రాలేదు. కాగితం మీద ఇంత ఉంది. మరి మన ఊళ్లలో? పెళ్లికి బంగారం పెట్టాం కదా, పసుపు కుంకుమ ఇచ్చాం కదా, ఇక సంతకం పెట్టు బిడ్డా అంటారు. ఆ పిల్ల అన్నతో చెడకూడదని హక్కు విడుదల కాగితం మీద సంతకం పెడుతుంది. పండుగకు పుట్టింటికి రానివ్వరేమో అని భయం. ఇలా భయపడిన చెల్లెళ్లు ప్రతి ఊరిలో ఉన్నారు. సినిమాలో అమ్మాయి ట్యాంకు ఎత్తితే చప్పట్లు కొట్టిన చేతులే, ఆ కాగితం ముందుకు జరుపుతాయి. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది.

మన ప్రాంతంలోనే ఒక స్త్రీ గురించి చెప్పాలి. ఆమె ఇసబెల్ కెర్. స్కాట్లండు నుంచి వచ్చిన వైద్యురాలు. భర్తతో కలిసి 1907లో హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి కట్టారు. 1915లో అది మొదలైంది. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత పెద్ద మొత్తం విరాళం ఇచ్చారు. ఊరు వెలివేసిన మనుషులు అక్కడికి వచ్చారు. చాల్‌మోగ్రా నూనెతో చేసిన మందును సూదితో ఇచ్చి వైద్యం చేశారు. కుష్ఠు వచ్చిన మగవాడికంటే కుష్ఠు వచ్చిన ఆడదాని బతుకు ఎంత ఘోరంగా ఉండేదో మన అవ్వలను అడిగితే చెప్తారు. మొగుడు వదిలేస్తాడు, పిల్లల్ని దగ్గరికి రానివ్వరు. అలాంటి మనిషి చెయ్యి పట్టుకుని నాడి చూసింది ఆ డాక్టరమ్మ. ఆమె బలం చదువు నుంచి వచ్చింది. ఆడపిల్లలు వైద్యం చదవడమే అరుదైన కాలంలో చదివి, ఆ చదువును డిచ్‌పల్లి దాకా మోసుకొచ్చింది. ఇలాంటి మనిషి మీద మనవాళ్లు ఒక సినిమా తీస్తే ఎంత బాగుంటుంది!

సంఘం సంగతి కూడా చెప్పకపోతే ఈ ప్రసంగం న్యాయంగా ఉండదు. దక్షిణ ఇండియా సంఘం, అదే సీఎస్‌ఐ, 1947లో ఏర్పడింది. మొదటి మహిళా బిషప్ ఎప్పుడు వచ్చారు? 2013లో. నంద్యాల అధ్యక్ష మండలానికి పుష్పలలిత గారు. తెలుగు మహిళ. గర్వపడాలి. కానీ ఆ గేటు ఎత్తడానికి 66 ఏళ్లు పట్టింది. గేటు ఎత్తాక నీళ్లు ఊరి చర్చి దాకా వచ్చాయా? ఆదివారం చాపలు పరిచేది స్త్రీలు. క్రిస్మస్ విందుకు వంట చేసేది స్త్రీలు. స్త్రీల మైత్రి పేరుతో చందాలు పోగు చేసేది స్త్రీలు. లెక్కలు చూసే కమిటీలో ఎంతమంది? మీ చర్చిలో మీరే చూసుకోండి. ఏసు లేచాడన్న వార్త మొదట మోసుకొచ్చింది మగ్దలేనే మరియ, ఆమెతో ఉన్న స్త్రీలు. అపొస్తలులు ఆ మాటను వెర్రి మాటలాగా తోసిపుచ్చారని లూకా రాశాడు. ఆ తప్పును లేఖనంలోకి ఎక్కించిందే మనం దాన్ని మళ్లీ చేయకూడదని.

ఇంట్లో మొదలుపెట్టడం తేలిక. ఈ వారం పిల్లలు ఏ సినిమా చూస్తారో అదే చూడండి. పక్కన కూర్చోండి. అయిపోయాక తిట్టకండి, పాఠం చెప్పకండి. అడగండి. కథలో మిగతా ఆడవాళ్లు ఏమయ్యారు బిడ్డా? నాయిక తల్లి ఏమైంది? వెనక నిలబడ్డ పనిమనిషికి పేరు ఉందా? ఆ ఊరి ఆడపిల్లలు ఆ తర్వాత బడికి పోగలిగారా? పిల్లలు మొదట తెల్లమొహం వేస్తారు. రెండో సినిమాకు వాళ్లే చెప్పడం మొదలుపెడతారు. మొగపిల్లల్ని తప్పకుండా అడగండి. వాళ్లు చూడటం నేర్చుకుంటేనే రేపు చెల్లెలి ముందుకు ఆ కాగితం జరపరు.

మహిళా సంఘాల అక్కలకు ఒక్క మాట. మీకు సినిమా కూడా అక్కర్లేదు. ఈ నెల మీటింగులో పొదుపు లెక్కలు అయిపోయాక రిజిస్టరు తెరిచి చూడండి. మూడు నెలలుగా రానిది ఎవరు? వాయిదా కట్టలేక మొహం చాటేసింది ఎవరు? మీలో ఇద్దరు లేచి ఆమె ఇంటికి పోండి. బాకీ అడగడానికి కాదు. ఏమైందని అడగడానికి.